ఎవరు పిలిస్తే పలుకుతుంది

పదిన్నరకు నాలుగు నిమిషాలు ఉందనగా యువరాణి ఎంటర్ కీ నొక్కి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. ఇక చేతులతో చేయాల్సిందేమీ లేదు, చూడడమే. తెర మీద మొదటి వరుస వచ్చింది, దాని కింద ఇంకొకటి, ఆ తర్వాత లెక్క అందలేదు. చిల్లుపడిన మూటలోంచి జొన్నలు రాలినట్టు వరుసలు రాలుతూనే ఉన్నాయి. పక్క సీటులో ఉన్న సెంతిల్ లేవకుండానే కుర్చీ చక్రాల మీద ఇటు జరుపుకుని వచ్చాడు. కోయంబత్తూరు పీలమేడులో దిగబోతున్న విమానం ఒకటి కిటికీ అద్దాలను వణికించి పోయింది. అది యువరాణికి వినబడనే లేదు.

రెండు నిమిషాల పదకొండు సెకన్లకు తెర ఆగింది. నాలుగు వందల పన్నెండు వరుసలు.

ఇది ఎంత పెద్ద సంగతో తెలియాలంటే పోయిన వారం సంగతి తెలియాలి. ఈ కంపెనీకి క్లౌడ్‌లో నాలుగు వందల పన్నెండు ఫంక్షన్లు ఉన్నాయి. ఫంక్షన్ అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. తనకంటూ సొంత మెషిన్ లేని చిన్న ప్రోగ్రామ్, అంతే. ఎవరైనా పిలిచేదాకా పడుకుని ఉంటుంది. పిలవగానే లేచి, అప్పజెప్పిన పని చేసి, మళ్లీ పడుకుంటుంది. ఆరేళ్లలో ఎందరో కుర్రాళ్లు వచ్చారు, తలా నాలుగు రాశారు, వేరే ఉద్యోగాలు చూసుకుని పోయారు. ఇప్పుడు ఏది దేనికోసమో, ఏది బతికుందో, ఏది ఊరికే పడి ఉందో చెప్పేవాడు లేడు. ఇవాళ రెండింటికి ఒక పెద్ద క్లయింటు తరఫున తనిఖీ బృందం వస్తోంది. ఆలనాపాలనా లేని ఫంక్షన్ అంటే వాళ్ల లెక్కలో గడియ వెయ్యని తలుపు. అందుకని సెంతిల్, ఇంకో ఇద్దరు కూర్చుని ఒక్కో ఫంక్షన్‌నూ తెరిచి చూసి, వివరాలు షీటులోకి ఎక్కించడం మొదలుపెట్టారు. నాలుగు రోజులకు నూట యాభై అయ్యాయి, ముగ్గురికీ మెడలు పట్టేశాయి.

అప్పుడు యువరాణి మళ్లీ నోరు విప్పింది. కాంట్రాక్టు పిల్ల, చేరి పది నెలలు. "ఆటోమేషన్ టూల్‌తో అడిగిస్తాను సార్, ఒక్క ప్లేబుక్ రాస్తే చాలు" అంది. ప్లేబుక్ అంటే టూల్ ఎవరిని ఏమేం అడగాలో వరుసగా రాసిపెట్టిన చిట్టా. ఆ విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు. రోజూ పొద్దున మేట్టుపాళయం నుంచి కోయంబత్తూరు వచ్చే రైల్లో ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో ఫోనూ పట్టుకుని, నిలబడే నేర్చుకుంది. సెంతిల్ నవ్వాడు గానీ వద్దనలేదు.

ఇప్పుడు ఆ సెంతిలే, "నాలుగు రోజులు నా మెడ విరగ్గొట్టుకున్నాను గదమ్మా, ఈ ముక్క సోమవారమే చెప్పి ఉండొచ్చుగా" అన్నాడు.

"సోమవారమే చెప్పాను సార్."

చుట్టూ నలుగురు నవ్వారు. యువరాణి కూడా నవ్వింది. నిజం చెప్పాలంటే ఆ పూట ఆమె కాళ్లు నేల మీద లేవు. ఆపరేషన్స్ పెద్ద అభిరామి గాజు గదిలోంచి వచ్చి తెర చూసి, ఒక్కసారి తల ఊపింది. అభిరామి తల ఊపడమంటే మాటలు కాదు, ఆ అంతస్తులో దానికోసం ఏళ్లతరబడి చూస్తున్నవాళ్లున్నారు.

జాబితా తేలింది. తొంభై రోజుల్లో ఒక్కసారైనా ఎవరూ పిలవనివి, యజమాని పేరు రాసి లేనివి, రెండూ కలిసినవి ముప్పై ఏడు. "చచ్చినవాటి లిస్టు" అని సెంతిల్ దానికి పేరు పెట్టాడు. సరిగ్గా ఒంటి గంటకు ఆ ముప్పై ఏడింటినీ తీసిపారేసేలా టూల్‌కు గడువు పెట్టి, హాయిగా ఒళ్లు విరుచుకున్నాడు. ఒకసారి తీసేస్తే తిరిగి రావు. వాటిని రాసినవాళ్లెవరూ ఇక్కడ లేరు, అసలు కోడు ఎవరి దగ్గరా భద్రంగా లేదు.

ఇల్లు అలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అనలేదు. ఆ ప్లేబుక్‌లో యువరాణి కావాలనే వదిలేసిన ప్రశ్న ఒకటుంది.

ఫంక్షన్‌ను చాలా సంగతులు అడగవచ్చు. నీ పేరేమిటి, ఏ భాషలో రాశారు, ఎంత మెమరీ తింటావు, నిన్ను చివరగా ఎప్పుడు దిద్దారు, చివరగా ఎప్పుడు పిలిచారు. ఇదంతా కాన్ఫిగ్. దీని కింద పాలసీ అని ఇంకొకటుంది. నిన్ను పిలిచే హక్కు ఎవరెవరికి ఉంది, నువ్వు ఎవరికి చెందినదానివి, ఎవరు పిలిస్తే పలుకుతావు. యువరాణి కాన్ఫిగ్ అడిగింది. పాలసీ అడగలేదు. ఎందుకని సెంతిల్ అడిగితే, ప్రశ్నలు పెరిగితే టైము పెరుగుతుందని చెప్పింది. అది అబద్ధం కాదు, కానీ నిజమూ కాదు.

నిజం వేరే ఉంది. కోయంబత్తూరు ప్రాంతంలో తెలుగు మాట్లాడే ఇళ్లు వందల ఏళ్లుగా ఉన్నాయి. భూములున్న ఇళ్లున్నాయి, ఆ భూముల్లో కూలి చేసిన ఇళ్లూ ఉన్నాయి. బజారులో అందరూ తమిళమే. గడప దాటి లోపలికి వెళ్లాకే ఆ పాత తెలుగు బయటికి వస్తుంది. ఒకరికొకరు తెలుగువాళ్లమని తెలిసిన మరుక్షణం వచ్చే ప్రశ్న ఒకటే. ఏ ఊరు, ఎవరింటివాళ్లు. వినడానికి ఎంతో ఆప్యాయంగా ఉంటుంది. నిజానికి అది జల్లెడ. రెండు జవాబులు వచ్చేసరికి అడిగినవాళ్లకు మనల్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలిసిపోతుంది. యువరాణి చిన్నప్పటి నుంచీ ఆ జల్లెడలో పడుతూనే పెరిగింది. ఉద్యోగంలో చేరిన రోజు భోజనాల బల్ల దగ్గర అభిరామి తమిళంలోనే, మామూలుగానే, "మేట్టుపాళయంలో ఎవరింటి పిల్లవి?" అని అడిగింది. యువరాణి బస్సు స్టాపు పేరు చెప్పి అన్నం కలుపుకుంది. అభిరామి ఇంట్లోనూ తెలుగే మాట్లాడతారని ఆమెకు ఎవరో చెప్పారు. అందుకే ఆఫీసులో తన నోట ఒక్క తెలుగు మాట రానివ్వలేదు.

అలాంటి పిల్ల ప్లేబుక్ రాస్తూ పాలసీ దగ్గరికి వచ్చేసరికి మొండికేసింది. నువ్వెవరింటిదానివని నేను దీన్నెందుకు అడగాలి, చేసే పని చూస్తే చాలదా అనుకుంది. అనుకుని, ఆ వరుస కొట్టేసి, ఏదో న్యాయం చేసినట్టు సంతోషపడింది కూడా.

పన్నెండుకు ఇరవై నిమిషాలు ఉందనగా అమ్మ ఫోన్ చేసింది. ఇరుళాయి మేట్టుపాళయంలో పోకమట్టలతో పళ్లేలు చేసే యార్డులో పని చేస్తుంది. ఎండిన మట్టలను ఏట్లో నానబెట్టి, రుద్ది కడిగి పైకి మోసుకురావడం ఆ ఆడవాళ్ల పని. టీ విరామంలో కూతురికి ఫోన్ చేయడం ఆమెకు అలవాటు. యువరాణి మెట్ల దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించింది.

"అమ్మా, ఈ దినం నా టూలు పని చేసింది మా. నాలుగు వందల పన్నెండు. రెండే నిమిషాలు."

"అట్లనా. అదేమో నాకు తెలవదు అమ్మిణీ. నువ్వు నగుతాండావు గదా, అది చాలు."

"ఆడ వానా?"

"ఈడ లే. కొండ మింద కొట్టి పోస్తాండాది. ఏట్ల నీళ్లు ఎర్రగా తిరిగిండాయి. మట్ట మిగిలిండాది, టీ తాగి మళ్లీ దిగల్ల."

"నీళ్లు ఎర్రగుంటే దిగద్దు మా."

"డ్యాము తెరిస్తే ఫోను వస్తాది గదా. ఆ ఆడమనిషి మాట్లాడతాది, తణ్ణి వరుదు, మేలే వాంగ అని. నీళ్లు వస్తాండాయి, పైకి ఎక్కండి అనేది. అది వస్తే అందురమూ ఎక్కేస్తాము. పోయిన ఆడి నెలలో రెండు తూర్లు వచ్చె."

"ఎవురు మా ఆ ఆడమనిషి?"

"మనిషి కాదు, మిషను. నువ్వు ఎవురమ్మా అని నేను అడిగితే దాని పాటికి అది చెప్తానే ఉండె. మీ పీలమేడులోనే ఎవురో చేసి ఇచ్చినారంట. సరి, నేను పోతాను, కూడా పని చేసే వళ్ళక్క పిలస్తాండాది."

ఫోన్ పెట్టేశాక యువరాణి మెట్ల మీదే నిలబడిపోయింది. పోయిన ఆడి నెలలో, పోయినేటి ఆషాఢంలో, రెండుసార్లు. అంటే దాదాపు ఏడాది. తన జాబితా తొంభై రోజులదే అడిగింది.

పీలమేడులో ఇలాంటి పనులు చేసే కంపెనీలు సవాలక్ష ఉన్నాయి, మనదే కావాలని ఏముంది అనుకుంటూనే సీటు దగ్గరికి దాదాపు పరుగెత్తింది. పాత క్లయింట్ల పట్టిక తెరిచి మేట్టుపాళయం అని వెతికింది. ఒక్కటే దొరికింది. పోకమట్టల యార్డు. పని, వాయిస్ కాల్. చేసింది, జీవ. ఆ జీవ రెండేళ్ల కిందట మానేసి ఎటో వెళ్లిపోయాడు. అతను ఏనాడూ యజమాని పేరు రాసే రకం కాదని ఆఫీసంతా చెప్పుకుంటుంది.

ఏడాదిగా ఎవరూ పిలవలేదు, యజమాని పేరు లేదు. ఇక ఆ ఫంక్షన్ ఎక్కడుంటుంది, చచ్చినవాటి లిస్టులో కాక. ఆ లిస్టు తయారు చేసింది తను. పొద్దున అందరి మధ్య నవ్వుకుంటూ తయారు చేసింది. ఇప్పుడు ఎగువన గేట్లు తెరిస్తే, ఒంటి గంట దాటాక, ఏట్లో ఉన్న ఆడవాళ్లకు ఏ ఫోనూ రాదు.

ముప్పై ఏడు పేర్లనూ పైనుంచి కిందికి చదివింది. టెస్ట్ టూ, సూపర్ మాస్టర్ ఫైనల్, ఫైనల్ కాపీ, న్యూ న్యూ. పేరు గొప్ప ఊరు దిబ్బ. ఏటి పేరు గానీ యార్డు పేరు గానీ ఒక్కదాంట్లోనూ లేదు.

అభిరామి గాజు గదిలో తనిఖీ కాగితాలు ముందేసుకుని ఉంది. యువరాణి తలుపు తట్టడం మరిచిపోయి లోపలికి వెళ్లి, ఆ ముప్పై ఏడింటిలో ఒకటి బతికున్నది, దాన్ని తీయకూడదు అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"ఏది?" అంది అభిరామి.

"అది ఇంకా తెలియదు మేడం."

"అయితే ముప్పై ఏడూ ఆపమంటావా? రెండింటికి వాళ్లు వచ్చి, ఇవి ఎవరివని అడిగితే మా పిల్లకు అనుమానంగా ఉందని చెప్పనా?" గొంతులో కోపం లేదు, అలసట ఉంది. గడియారం చూసింది. "పన్నెండుంబావు. ఒంటి గంటలోపు ఏదో చెప్పు, దేనికోసమో చెప్పు. అది ఒక్కటీ ఆపుతాను."

ఏం అడగాలో యువరాణికి ఈసారి బాగా తెలుసు. ప్లేబుక్ తెరిచింది. కొట్టేసిన వరుసను వెనక్కి తెచ్చింది. పాలసీ. ముప్పై ఏడింటినీ అడుగు, నిన్ను పిలిచేవాళ్లెవరో చెప్పమను. ఎంటర్ నొక్కింది.

తెర ఎర్రబారింది. అనుమతి లేదు. మళ్లీ నొక్కింది. అనుమతి లేదు. ఆమె టూల్‌కు కాన్ఫిగ్ చూసే హక్కు మాత్రమే ఇచ్చారు, పాలసీ చూసే హక్కు ఇవ్వలేదు. ఇవ్వకపోవడం ఎవరి తప్పూ కాదు, అడిగితేగా ఇచ్చేది. అడగనే అడగనని పంతం పట్టింది ఎవరు మరి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని తనను తాను తిట్టుకుంది.

హక్కు ఇవ్వగలిగినవాడు సెంతిల్. సెంతిల్ సీటులో లేడు, భోజనానికి వెళ్లాడు. ఫోన్ మోగుతోంది గానీ ఎత్తడం లేదు. అన్నం ముందు కూర్చుంటే సెంతిల్ దేవుడు పిలిచినా పలకడు. యువరాణి లిఫ్టు కోసం ఆగలేదు. మూడు అంతస్తులు దిగి, మెయిన్ రోడ్డు మీదికి వచ్చి, రెండు బస్సుల మధ్య సందు చూసుకుని దాటింది. స్కూటర్ మీద వస్తున్న ఎవరో తమిళంలో ఏదో తిట్టారు. మెస్సు గుమ్మంలో చెప్పుల గుట్ట దాటి లోపలికి చూస్తే మూడో బల్ల దగ్గర అరిటాకు ముందు సెంతిల్, కుడిచేయి మణికట్టుదాకా సాంబారన్నంలో ఉంది.

"సార్, పాలసీ చదివే పర్మిషన్ కావాలి, ఇప్పుడే."

"రసం పోసుకుని వస్తానమ్మా."

"రసం లేదు సార్, ఒంటి గంట అయిపోతుంది" అని, బల్ల మీదున్న అతని ఫోన్ తీసుకుని అతని ముఖం ముందే పట్టుకుంది. ఫోన్ తెరుచుకుంది. సెంతిల్ నోరూ అలాగే తెరుచుకుని ఉంది. పది నెలల్లో ఈ పిల్ల సార్ అనకుండా ఒక్క వాక్యం మాట్లాడింది లేదు, ఇవాళ ఫోనే లాక్కుంది. లిస్టులో ఏదో పొరబాటుందని మాత్రం రెండు ముక్కల్లో విన్నాడు, ఏటి సంగతి ఆమె చెప్పనే లేదు. ఎడమచేతి చిటికెన వేలుతో తడుముకుంటూ, తప్పు నొక్కి, వెనక్కి వచ్చి, మళ్లీ నొక్కి, చివరికి అనుమతి ఇచ్చాడు. ఆ తర్వాత చేయి కడుక్కుని అతనూ వెనకే పరుగెత్తుకొచ్చాడు. రసం పోసేవాడు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

పన్నెండూ నలభై ఆరు. యువరాణి నిలబడే ఎంటర్ నొక్కింది. ఈసారి తెర ఎర్రబారలేదు. ఒక్కో ఫంక్షనూ జవాబు చెప్పసాగింది. పిలిచేవారు లేరు. పిలిచేవారు లేరు. లేరు. పదిహేను, ఇరవై, ముప్పై దాటింది. ఒక్కటీ లేదేమో, నేను పొరబడ్డానేమో అని ఒకవైపు, పొరబడి ఉంటే ఎంత బాగుండునని ఇంకోవైపు. ముప్పై నాలుగోదాని దగ్గర వరుస పొడుగ్గా వచ్చింది. పేరు టెంప్ జీవ త్రీ. పిలిచే హక్కు ఎవరికి అన్నచోట ఒకే ఒక్క నక్షత్రపు గుర్తు. అంటే అందరికీ. చిరునామా తెలిసిన ఎవరైనా వచ్చి తలుపు తట్టవచ్చు. మిగతా ముప్పై ఆరింటికీ ఎవరూ లేరు.

"దొరికింది" అంది యువరాణి.

భుజం మీదినుంచి చూసిన సెంతిల్ ముఖం మాడిపోయింది. "అయ్యో, ఇది ఊరందరికీ తెరిచిపెట్టిన తలుపు. వచ్చేవాళ్లు ముందు దీన్నే పట్టుకుంటారు. ఒంటి గంటదాకా కూడా ఉంచకూడదు, దీన్ని నేను ఇప్పుడే తీసేస్తాను" అని వంగి మౌస్ మీద చేయి వేశాడు. ఫంక్షన్ పక్కన తీసివేయి అన్న మాట మీదికి బాణం వెళ్లింది.

యువరాణి అతని చేతిని మౌస్‌తో సహా పట్టుకుంది.

"తియ్యద్దు. మా అమ్మ ఏట్ల ఉండాది."

ఆ మాట ఏ భాషలో వచ్చిందో యువరాణికి అప్పటికింకా తెలియదు. సెంతిల్‌కు అర్థం కాలేదు, తమిళం తప్ప ఎరగడు. అర్థమైన మనిషి గాజు తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఏ ఏట్ల?" అంది అభిరామి, అదే తెలుగులో.

"భవానీలో అక్కా. మట్ట కడగను దిగిండారు, నలబై మంది ఆడోళ్లు. డ్యాము తెరిస్తే ఈ ఫంక్షనే వాండ్లకు ఫోను చేస్తాది. పిలిచేది యార్డు గుమాస్తానే అయ్యుండల్ల. ఆయనకు లాగిన్ అంటే ఏమి తెలుస్తాది, అందుకే జీవ అందరికీ తెరిచి పెట్టిండాడు. తప్పే. అయినా ఇదే అక్కా, ఇదే."

"నీకు ఎట్ల తెలుసు ఇదే అని?"

"దీన్ని ఒక్కదాన్నే పిలిచేటోళ్లు ఉండారు."

అభిరామి ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే ఆ పిలిచేవాండ్లనే అడుగుదాము. నంబరు ఉండాదా?"

యార్డు గుమాస్తా ఇళంగో నంబరు యువరాణి దగ్గర ఉంది, అమ్మకు జ్వరమైతే సెలవు చెప్పేది అతనికే. స్పీకర్‌లో పెట్టింది. మూడో మోతకు ఎత్తాడు. వెనక మోటారు చప్పుడు, దాని వెనక ఇంకేదో పెద్ద చప్పుడు. యువరాణి తమిళంలో గబగబా అడిగింది. అన్నా, ఏట్లో ఉన్నవాళ్లకు ఫోన్లు మోగాలంటే మీరేం చేస్తారు, ఎక్కడ నొక్కుతారు. అతను హడావుడిగా, "ఫోన్‌లో ఒక పేజీ ఉందమ్మా, అందులో ఎర్ర బటన్. ఇప్పుడే డ్యాము నుంచి మెసేజ్ వచ్చింది, గేట్లు ఎత్తేశారట. అది నొక్కబోతుంటేనే నీ ఫోను వచ్చె. పెట్టేయి తల్లీ, నొక్కాలి" అన్నాడు.

"నొక్కండి అన్నా" అని యువరాణి ఫోన్ కట్ చేసింది. టెంప్ జీవ త్రీ లాగ్ తెరిచింది. ఫంక్షన్ ఏం చేసినా అక్కడ ఒక వరుస పడుతుంది. ఆఖరి వరుస పోయిన ఏడాది ఆడి నెలది. దాని కింద ఖాళీ. పన్నెండూ యాభై మూడు. ఖాళీ. అభిరామి బల్ల అంచు పట్టుకుంది. పన్నెండూ యాభై నాలుగు.

వరుస పడింది.

పిలిచారు, పలికింది. దాని కింద ఇంకో వరుస, ఇంకోటి. పొద్దున నాలుగు వందల పన్నెండు రాలినప్పుడు కూడా యువరాణికి ఇంత ఆనందం కలగలేదు. మొదటి నంబరు, మోగుతోంది, ఎత్తారు. రెండో నంబరు, ఎత్తారు. ఏడాదిపాటు కదలకుండా పడుకున్నది ఒక్క పిలుపుకు లేచి నలభై మూడు ఫోన్లను ఒకేసారి మోగిస్తోంది. సెంతిల్ కుర్చీలో కూలబడి, "నేను తీసేయబోయాను దీన్ని" అని రెండుసార్లు అన్నాడు. అభిరామి ఎవరికీ చెప్పకుండా వంగి, తన పాస్‌వర్డ్ కొట్టి, లిస్టులోంచి ఆ ఒక్క పేరూ తీసేసింది. అప్పటికి ఒంటి గంటకు మూడు నిమిషాలు ఉంది. తలుపుకు తాళం వేయించి ఆ తాళంచెవి ఇళంగో పేజీకి ఇవ్వడం ఎలాగో చూడమని సెంతిల్‌కు పురమాయించింది. వచ్చేవాళ్లకు జరిగింది జరిగినట్టే చెబుతానంది.

లాగ్ ఆగింది. నలభై మూడు నంబర్లు. నలభై రెండు ఎత్తారు. ఒకటి ఎత్తలేదు.

ఎత్తని నంబరు చివర ఆరు, ఒకటి, ఎనిమిది.

యువరాణికి ఆ మూడంకెలూ చాలు, అది అమ్మ నంబరు. ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఇళంగోకు చేస్తే అతనూ ఎత్తడం లేదు, ఏటి గట్టుకు పరుగెత్తి ఉంటాడు. మూడోసారి చేసింది. ఇంతకుముందు నీళ్లు ఎర్రగా తిరిగాయని అమ్మ అన్న మాటే చెవిలో పడుతోంది, ఫోన్ మోత వినబడడం లేదు.

అభిరామి పక్కకు వచ్చి కూర్చుంది. మొదటిరోజు భోజనాల బల్ల దగ్గర అడిగినట్టు అడగలేదు.

"మీ అమ్మ పేరు ఏమి?"

"ఇరుళాయి."

"నంబరు చెప్పు. నీ ఫోను ఎత్తలేకుంటే నా ఫోను ఎత్తుతాదేమో చూస్తాము. ఇద్దురమూ చేస్తానే ఉండాము." అని తన ఫోన్ తీసింది. ఒకరి తర్వాత ఒకరు చేశారు. ఒంటి గంట దాటింది. ముప్పై ఆరు ఫంక్షన్లు చెప్పిన టైముకు చప్పుడు లేకుండా పోయాయి, అటు ఎవరూ చూడలేదు. ఒంటి గంటా ఏడు నిమిషాలకు అభిరామి వీపు నిటారుగా అయింది.

"ఇరుళాయమ్మా, నేను పీలమేడు నుంచి మాట్లాడతాండాను. ఎక్కినారా, ఏట్లనుంచి పైకి ఎక్కినారా?"

అటునుంచి ఆయాసంతో, ఏటి హోరు మీదుగా, విసుగ్గా ఒక గొంతు వినబడింది. "ఎక్కినాము తల్లీ, ఎక్కినాము. ఎన్ని తూర్లు చెప్తావు. ఈ ఏడు తెలుగు కూడా నేర్చుకునిండావే."

అభిరామి నవ్విందో ఏడ్చిందో చెప్పడం కష్టం. ఫోన్ యువరాణి చేతిలో పెట్టింది.

"అమ్మా."

"అమ్మిణీ? నువ్వా? ఆ మిషనుది గొంతు అనుకుంటి."

"ఫోను ఏమిటికి ఎత్తలే మా?"

"ఎట్ల ఎత్తేది. వళ్ళక్కకు మోకాలు పట్టేసె. అందురికీ ఫోను మోగినప్పుడు నాకు వేరే ఫోను ఏమిటికి, ఆమెని రెండు చేతులతో ఈడ్చుకోని వస్తాండా. సంచి గట్టుమింద మోగతానే ఉండె. మేము మెట్టు ఎక్కినాము, మట్ట రుద్దే రాయిని నీళ్లు ముంచేసె. చూస్తానే ఉండగా ముంచేసె అమ్మిణీ. మట్టలన్నీ కొట్టుకోని పాయె. ఇను."

ఇరుళాయి ఫోన్‌ను ఏటివైపు పెట్టింది. యువరాణి విన్నది. ఆఫీసులో అందరికీ వినబడేంత హోరు. అమ్మ ఇందాక నిలబడిన చోటు మీదుగా ఆ నీళ్లు పోతున్నాయి. పొద్దున్నుంచీ రాని ఏడుపు అప్పుడు వచ్చింది, అది సంతోషమో భయమో విడదీసి చూసుకునే ఓపిక లేదు. దాచిపెట్టాలని కూడా అనిపించలేదు.

"అమ్మా, ఆ ఫోనుని తీసేసే లిస్టులో పెట్టింది నేనే మా. ఎవురికీ పనికిరాదు అనుకుంటి. నువ్వు ఎవురికి కావల్ల అని దాన్ని అడగనే లే. ఇంకొంచెం ఉంటే పోయుండేది."

వెనక ఆడవాళ్లు ఒకరి పేరు ఒకరు పిలుచుకుంటూ లెక్క చూసుకుంటున్నారు.

"పోలే గదా" అంది ఇరుళాయి. "ఇంక మింద అడిగి తియ్యి."